బస్సింటి ఎర్తు

పోయినవారం మనం లీలావతిని విడిచి వచ్చేటప్పటికి ఆమె అరచేతిలో పగిలిన బల్బు పెంకులున్నాయి.

నగరం అనే ఊరు దాటాక కాలవగట్టు పక్కన, చిన్నబ్బాయిగారి కొబ్బరితోటలో ఆగిపోయిన వైద్యపు బస్సు అది. లీలావతి అందులో నర్సు. ఆమె భర్త దానియేలు ఆ బస్సుకి డ్రైవరు, దాని కరెంటు చూసుకునేదీ అతనే. ఇద్దరికీ వేరే కొంప లేదు. వెనక సీట్లు పీకేసి వేసిన మంచం, తెర అవతల కిరసనాయిలు పొయ్యి, కిటికీ చువ్వలకి కట్టిన బట్టల తాడు, ఇదే సంసారం. అందుకే ఊళ్లవాళ్లు దాన్ని బస్సిల్లు అంటారు.

చిన్నబ్బాయిగారి భార్య వీరవేణికి ఏడో నెలలోనే కాన్పయింది. పుట్టిన ఆడపిల్ల దోసిట్లో పట్టేంత. ఆ పిల్లని లీలావతి బస్సులోకి తెచ్చుకుని, దూది పరిచిన చెక్కపెట్టెలో పడుకోబెట్టి, అడుగున బల్బులు వెలిగించి ఆ వేడితో బతికిస్తోంది. వేడి తగ్గితే పిల్ల దక్కదు. పెద్దాసుపత్రికి తీసుకుపోదామంటే తుపాను గాలికి తాటిపాక రోడ్డు పొడుగునా చెట్లు పడి ఉన్నాయి. ఇంతలో నిన్న పొద్దున బస్సులో స్టెబిలైజరు కాలిపోయింది. ఊరి కరెంటు తగ్గినా పెరిగినా సరిచేసి లోపలికి పంపే పెట్టె అది. ఇంకోటి తేవడానికి దానియేలు పంటెక్కి ఏరు దాటి అమలాపురం వెళ్లాడు. అతను మెట్ట ఊరివాడు, నీళ్లంటే భయం. పంటు నడిమధ్య గుంజ పట్టుకుని నిలబడ్డాడనీ, రేవు కనిపించినంతసేపూ వెనక్కి తిరిగే చూశాడనీ సైకిలు మీద దింపి వచ్చిన చిన్నబ్బాయిగారు చెప్పారు. ఇంకా తిరిగి రాలేదు.

ఇప్పుడు నాలుగు బల్బుల్లో రెండు పగిలాయి.

లీలావతి పెంకులు మూలన పోసి, పెట్టెమీద గుడ్డ తీసి చూసింది. పిల్లమీద పడలేదు. పాదాలు ముట్టుకుంది. మంచులా ఉన్నాయి. పొట్టమీద వేలు పెడితే అక్కడ మాత్రం ఇంకా కాస్త వెచ్చదనం తగిలింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కల దగ్గర చర్మం లోపలికి పోయి వస్తోంది. ఒకసారి పోయిన ఊపిరి వెంటనే రాలేదు. లీలావతి చిటికెన వేలితో అరికాలు మీద గీరింది. అప్పుడొచ్చింది.

బస్సు గోడమీద వోల్టేజీ మీటరు ఉంది. దాని అద్దంమీద దానియేలు ఎర్రరంగుతో రెండు గీతలు పెట్టాడు. ముల్లు ఆ గీతల మధ్య ఉన్నంతసేపూ భయం లేదు, ఇటు తగ్గినా అటు పెరిగినా మీట దించెయ్యి అని చెప్పాడు. స్టెబిలైజరు లేదు కాబట్టి ఇక నీ చెయ్యే స్టెబిలైజరు అన్నాడు, నవ్వుతూ. వెళ్లేముందు మెట్టుమీద ఆగి, ముల్లు మీంచి కళ్లు తియ్యకు అన్నాడు. అంతే.

వెళ్లేవాళ్లు గుమ్మం దాటేటప్పుడు మనసులో మాట చెప్పరు. తలుపు గడియ వేసుకో అంటారు, పాలు కాచుకో అంటారు. ఉండేవాళ్లు సరేనంటారు. మనిషి కనుమరుగయ్యాక ఆ గడియ మాట, ఆ పాల మాటే పట్టుకుని కూర్చోవలసి వస్తుంది. లీలావతి రాత్రంతా ముల్లునే పట్టుకుని కూర్చుంది. దీపాలు గుడ్డిగా వెలిగాయి గాని వెలిగాయి. తెల్లవారాకే ఈ పిచ్చి పట్టింది. మీట వేస్తే ముల్లు ఒక్కసారి కుడిగీత దాటి పైకి పోతుంది, బల్బులు తెల్లగా మండిపోతాయి. దించి, కాసేపాగి వేస్తే ఎడమగీత కిందకి పడిపోతుంది, బల్బుల్లో తీగె ఎర్రగా కనిపిస్తుందే గాని వేడి రాదు. ఊళ్లో కరెంటు పోవడం ఆమెకి తెలుసు, సన్నగా రావడమూ తెలుసు. ఇలా ఉయ్యాల ఊగడం ఎప్పుడూ చూడలేదు.

మెట్టు దగ్గర అలికిడయింది. చిన్నబ్బాయిగారి తల్లి సత్యనారాయణమ్మగారు తాటాకు గొడుగు పట్టుకుని వానలో నిలబడింది. పిల్ల బస్సులోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ రోజూ వచ్చి కిందనుంచే చూసి పోతోంది. ఒక్కసారీ మెట్టెక్కలేదు. ఎందుకెక్కదో ఆవిడ చెప్పలేదు, లీలావతి అడగలేదు. అలాంటివి అడగనక్కర్లేకుండానే తెలిసే ఊళ్లు అవి.

"పేలిన చప్పుడు ఇంట్లోకి వినిపించింది" అంది సత్యనారాయణమ్మగారు. "నా మనవరాలిని ఇలా ఇచ్చెయ్యి, నర్సమ్మా."

లీలావతి ఇవ్వనంది. ఇంట్లో కుంపటి రాజేశామనీ, మంచం కింద పెడితే ఇల్లంతా వెచ్చబడుతుందనీ ఆవిడ చెప్పింది. ఆ పొగని ఈ ఊపిరితిత్తులు గంటసేపు కూడా తట్టుకోలేవని లీలావతి చెప్పింది. పోనీ తల్లి పక్కలో వెయ్యమంది ఆవిడ. వీరవేణి చలిజ్వరంతో వణికిపోతోంది, ఆమెకే మూడు దుప్పట్లు చాలడం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మా ఇంట్లో ఏడుగురు పుట్టేరు. ఎవరినీ దీపాలు పెట్టి పొదగలేదు" అంది సత్యనారాయణమ్మగారు.

"ఏడుగురూ ఉన్నారాండి?"

అనకూడని మాట. అన్నాక గాని లీలావతికి తెలియలేదు. ముసలావిడ గొడుగు కాస్త కిందకి దించుకుంది. ముఖం కనిపించలేదు.

"ఇద్దరున్నారు" అంది గొడుగులోంచి. "అందుకే అడుగుతున్నాను."

వాన రేకుమీద పడుతోంది. అప్పుడే ఇంటి వెనక వసారాలోంచి పనిచేసే సూరమ్మ కేకేసింది. నీళ్లు కాగాయి, హీటరు కట్టేశాను, పెద్దమ్మగారు వస్తే చిన్నమ్మగారికి కాపడం పెడదాం అని. కట్టెలన్నీ తడిసిపోయాయని, బాలింతకి వేణ్ణీళ్లకి ఇబ్బంది కాకూడదని, పిల్ల పుట్టిన మర్నాడే చిన్నబ్బాయిగారు కరెంటు హీటరు తెప్పించారు. దాని ముచ్చట ఆయన అందరికీ చెప్పారు.

లీలావతి మీట వేసింది. ముల్లు ఎడమగీత కిందే ఉండిపోయింది. బల్బులు గుడ్డిగా వెలిగాయి. సరే, ఈ మాత్రమైనా ఉండనీ అనుకుని పెట్టెమీద ఇంకో గుడ్డ కప్పింది.

సత్యనారాయణమ్మగారు ఇంటివైపు తిరిగి ఇంకో బిందె కూడా పెట్టమని సూరమ్మతో చెప్పింది. కేక అందిందో లేదో, బల్బులు భగ్గున తెల్లబడ్డాయి. ముల్లు కుడిగీత దాటి చివర మేకుకి కొట్టుకుంది. లీలావతి మీట దించేసింది. సూరమ్మ కేకలూ ముల్లు ఊగడమూ ఆమె బుర్రలో ఒక్కచోట చేరాయి.

"పెద్దమ్మగారూ, హీటరు కట్టెయ్యమనండి. ఇక ముట్టుకోవద్దనండి. చిన్నబ్బాయిగారిని పిలవండి."

ముసలావిడ ఎందుకని అడగబోయి, లీలావతి ముఖం చూసి ఇంటివైపు కేకేసింది.

చిన్నబ్బాయిగారు తలమీద గోనెసంచి వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. నలభై ఏళ్ల మనిషి. పెళ్లయిన ఇన్నాళ్లకి పుట్టిన పిల్ల. ముందు పెట్టెలోకి తొంగిచూసి, గుడ్డ కదలడం కనిపించాక మాట్లాడారు. లీలావతి సూటిగా అడిగింది, మోటారు షెడ్డులో తీగలు ఎవరైనా ముట్టుకున్నారా అని. బస్సుకి కరెంటు ఆ షెడ్డులోంచే వస్తోంది, ఇంటికీ అక్కణ్నుంచే.

"ఎవరూ ముట్టుకోలేదండి. నిన్న సాయంత్రం నేను ఎర్తు విప్పేను, అంతేనండి."

"ఏ ఎర్తు?"

"ఎర్తేనండి. ఎర్తులెన్నుంటాయండి?"

లీలావతి మంచం అంచున కూర్చుంది.

నిన్న దానియేలు వెళ్లేముందు జరిగింది ఆమెకి గుర్తుంది. బస్సు రేకుకి పొరపాటున కరెంటు పాకితే అది మనుషులకి తగలకుండా భూమిలోకి పోవాలని, దానియేలు ఒక పచ్చ తీగని బస్సు ఇనుముకి కట్టి, రెండో కొస పెరట్లో బోరు గొట్టానికి బిగించాడు. నీళ్లు కొట్టుకునేటప్పుడు చెయ్యి జిల్లుమంటోందని సత్యనారాయణమ్మగారు గొడవ చేసింది. స్టెబిలైజరు కాలిన హడావిడిలో అతను సైకిలెక్కుతూ, ఇంకా జిల్లుమంటే ఎర్తు విప్పెయ్యండి చిన్నబ్బాయిగారూ, లీల వేరేచోట రాడ్డు పాతుకుంటుంది అన్నాడు. అతని నోట ఎర్తంటే ఆ పచ్చ తీగ.

ఈ పొద్దున లీలావతి వానలో తడుస్తూ బస్సు వెనక రాడ్డు దిగేసింది. బొగ్గులు, ఉప్పు పోసి బిందెడు నీళ్లు పోసింది. పచ్చ తీగ కోసం బోరు దగ్గరకి వెళ్తే అది ఇంకా గొట్టానికి బిగించే ఉంది. పిల్ల బెంగలో పాపం మరిచిపోయారు అనుకుని తనే విప్పి తెచ్చుకుంది. అనుకుని ఊరుకుంది. అక్కడ ఒక్క మాట అడిగి ఉంటే.

"షెడ్డులో ఏ తీగండీ?" అంది మళ్లీ.

"నల్లదండి. టెస్టరు పెడితే వెలగదు కదండీ, అది. వెలిగేది ఫేజు, వెలగనిది ఎర్తు. మీవారు చెప్పేరు కదాని మెయిన్ దగ్గర విప్పేసేను. ఆయ్, విప్పినా అమ్మకి జిల్లుమనడం తగ్గలేదండి. దానియేలుగారు వచ్చేక అడుగుదామనుకున్నాను."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ చుట్టుపక్కల ఏ షెడ్డులో అడిగినా, ఏ రైతునడిగినా అదే చెప్తాడు. కొట్టేది ఫేజు, కొట్టనిది ఎర్తు. దానియేలు లాంటివాళ్లు దాన్ని న్యూట్రలంటారని ఎవరికీ పట్టలేదు, పట్టవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఒక మనిషి ఒక మాట చెప్పి వెళ్లిపోయాడు. ఇంకో మనిషి ఆ మాట తు.చ. తప్పకుండా చేశాడు.

లీలావతి నెమ్మదిగా చెప్పింది. "మీ ఇంటికి వచ్చే తీగ వేరు, మా బస్సుకి వచ్చేది వేరు. రెండు చోట్లా వాడుకున్న కరెంటు తిరిగి పోవడానికి మాత్రం ఆ నల్ల తీగ ఒక్కటేనండి దారి. అది విప్పేసేరు. ఇక దారిలేక మీ ఇంట్లోదీ మా బస్సులోదీ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. మీ హీటరు లాగినంతసేపూ ఉరవడంతా ఈ బల్బులమీదకి వస్తోంది. హీటరు ఆగితే ఇక్కడ నీరసించిపోతోంది."

చిన్నబ్బాయిగారు అర్థమైనంత మేర విన్నారు. బుర్ర ఊపుతూ విన్నవారు, హీటరు అనే మాట దగ్గర ఊపడం ఆపేశారు. మూలన పోసిన పెంకులవైపు చూశారు.

"అంటే వాళ్లమ్మకి నీళ్లు కాచినప్పుడల్లా, దీనికి..." అన్నారు.

తల్లి కిందనుంచి వింటోంది. ఆవిడ గొడుగు మడిచేసింది. వాన నెత్తిమీద పడుతుంటే అలాగే నిలబడింది.

"నా చేత్తోనే చేసేను" అన్నారు చిన్నబ్బాయిగారు.

"మళ్లీ మీ చేత్తోనే బిగిద్దురుగాని" అంది లీలావతి. కోప్పడదామని పిలిచింది గాని కోపం రాలేదు. వస్తే ఎవరిమీద? సైకిలెక్కుతూ మాట విసిరిన మనిషిమీదా? అతని మాటే ఈ పిల్ల ప్రాణం మీదకి తెచ్చిందని అతనికి తెలిస్తే ఏమైపోతాడో ఆమెకి తెలుసు. తెలియకూడదనుకుంది. వచ్చాక ఏదో ఒకటి చెప్పొచ్చు. ముందు రావాలి.

షెడ్డులో మెయిన్ దించి, ఫ్యూజులు పీకి పక్కన పెట్టి, పొడి చెక్కమీద నిలబడి, చేతులు తుడుచుకుని, అప్పుడు నల్ల తీగ బిగించాలి. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. ఆయన సరిగ్గానే అప్పజెప్పారు. అయితే మెయిన్ దించితే ఆ గుడ్డి దీపాలు కూడా ఉండవు. పెట్టె చల్లబడిపోతుంది. పిల్లని ఎవరైనా ఒంటికి హత్తుకుని కూర్చోవాలి. లీలావతి చీర పొద్దుటి వానకి తడిసి ఒంటికే అంటుకుపోయి ఉంది, వేళ్లు నీలంగా ఉన్నాయి. పైగా కరెంటు వచ్చేలోపల పగిలిన బల్బుల అడుగుముక్కలు హోల్డర్లలోంచి పీకి వేరేవి పెట్టాలి.

ఆమె బయటికి చూసింది.

సత్యనారాయణమ్మగారు మడిచిన గొడుగు టైరుకి ఆనించింది. తడిసిన పైచెంగు పిండుకుంది. మెట్టుమీద ఒక కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, రెండోది పెట్టింది. లోపలికి వచ్చి మంచమూ, పొయ్యీ, తాడుమీద ఆరేసిన దానియేలు బనీనూ చూసింది.

"పొడిబట్ట ఉంటే ఇయ్యి" అంది.

లీలావతి తన పెట్టెలోంచి ఉతికిన చీర తీసిచ్చింది. ఆవిడ తెర చాటుకి వెళ్లి, తన చీర విడిచి లీలావతి చీర కట్టుకుని వచ్చి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. లీలావతి పిల్లని తీసి ఆవిడ గుండెలమీద, చర్మానికి చర్మం ఆనేలా బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. కప్పుతుంటే ముసలావిడ చెయ్యి ఆమె చేతికి తగిలింది. వేడిగా ఉంది.

"భయపడకు" అంది ఆవిడ. "నా ఒళ్లు మీ కరెంటు కాదులే. హెచ్చూతగ్గూ ఉండదు."

చిన్నబ్బాయిగారు షెడ్డువైపు వెళ్లారు. దీపాలు ఆరిపోయాయి.

ఇక చెప్పడానికేమీ లేదు. లీలావతి గుడ్డ చుట్టిన పటకారుతో హోల్డర్లు శుభ్రం చేసింది. విడిగా దాచిన బల్బులు రెండూ బిగించింది. ఇవి పోతే ఇక లేవు. బిగిస్తూ పక్కకి చూడకుండా ఉండాలని చూసింది, ఉండలేకపోయింది. దుప్పటి కదలడం లేదు. ముసలావిడ కళ్లు మూసుకుని ఉంది. లీలావతి దగ్గరికి వెళ్లబోతే ఆవిడ కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. పెదాలు మాత్రం కదిలాయి. పిల్లతో ఏదో చెప్తోంది. ఎవరో పేర్లు. లీలావతి లెక్కపెట్టలేదు గాని, అవి ఐదయి ఉంటాయని తర్వాత తోచింది.

షెడ్డులోంచి చిన్నబ్బాయిగారి కేక వినిపించింది.

లీలావతి మీటమీద చెయ్యి వేసింది. ప్రభువా అంది. మీట వేసింది. ముల్లు లేచింది. ఎడమగీత దాటింది, పాకుతూ పాకుతూ మధ్యకి వచ్చింది, అక్కడ చిన్నగా వణికి ఆగింది. నాలుగు బల్బులూ పండిన నిమ్మకాయల్లా పచ్చగా వెలిగాయి.

నమ్మకం చాలలేదు ఆమెకి. హీటరు వెయ్యమని సూరమ్మకి చెప్పించింది. మీటమీద చెయ్యి అలాగే ఉంచుకుని చూసింది. ముల్లు వెంట్రుకవాసి తగ్గింది, అంతే. గీతల మధ్యే ఉంది.

దుప్పటి కింద పిల్ల పిల్లికూనలా చిన్న శబ్దం చేసింది. ముసలావిడ కళ్లు తెరిచి లీలావతి వైపు చూసింది. పెట్టె వెచ్చబడింది, ఇక ఇవ్వచ్చని లీలావతి చెప్పింది. ఉండనీ, కాసేపుండనీ అంది ఆవిడ. చిన్నబ్బాయిగారు మెట్టుమీద తల వాల్చి, గోనెసంచిలో ముఖం పెట్టుకుని ఏడ్చారు. ఎవరూ ఊరుకోమనలేదు.

లీలావతి పొద్దున్నుంచి మొదటిసారి నిబ్బరంగా ముల్లు మీంచి కళ్లు తీసింది. కిటికీలోంచి తోట కనిపిస్తోంది. వాన సన్నబడింది. కాలవగట్టు మీంచి ఎవరో తలమీద బరువుతో దిగి వస్తున్నారు. ఆమె గబగబా జుట్టు ముడేసుకుంది. అతను వచ్చేసరికి ఏం చెప్పాలో అప్పుడే అనుకుంది. ఏమీ జరగలేదు, రెండు బల్బులు మాడిపోయాయి అంతే, అని చెప్పాలి.

వచ్చింది దానియేలు కాదు. పంటు నడిపే సరంగు పాపారావు. పాదాలనుంచి జుట్టుదాకా బురదనీళ్లు కారుతున్నాయి. తలమీద పెట్టె దించి, బస్సు మెట్టుమీద జాగ్రత్తగా పెట్టాడు. కొత్త స్టెబిలైజరు. దానిచుట్టూ తాటాకుచాప, చాపమీద చేతులు ముడేసి కట్టిన గళ్ల చొక్కా. నిన్న పొద్దున లీలావతి బొత్తాం కుట్టి ఇచ్చిన చొక్కా.

పెట్టె పొడిగా ఉంది.

"ఇది తడవకూడదన్నారండి" అన్నాడు పాపారావు. "నీళ్లలోంచి పైకెత్తి, దీన్ని ముందు అందుకోమన్నారు. అందుకున్నానండి."

"ఆయనేరి?"

పాపారావు ఆమెవైపు చూడలేదు. చొక్కా ముడివైపు చూస్తూ, అడగలేక అడిగాడు.

"మీవారికి ఈతొచ్చాండి, నర్సమ్మగారూ?"